మందు తగిలిందంటే, ఏ మందు అని అడగండి

క్యాజువాలిటీలో ఆయాలుగా, స్ట్రెచర్ తోసేవాళ్ళుగా కొత్తగా చేరే పిల్లల కోసం నాలుగు మాటలు రాసివ్వమని మా హెడ్ నర్సు రత్నమేరీ సిస్టర్ అడిగి చాలా కాలమైంది. ఇప్పుడు ఆమె రిటైరైంది, నేనూ రిటైరయ్యాను. నేను చదివింది నాలుగో తరగతి. ఒక పేజీ రాయాలంటే నాకు ఒక పూట పడుతుంది. అందుకే దాటేస్తూ వచ్చాను.

ఇప్పుడు రాయడానికి కారణం మా ఇంట్లో గొడవ. నా కొడుకు మస్తాను అడవిపందుల కోసం తుపాకి లైసెన్సుకు అర్జీ పెడతానన్నాడు. రాయచోటి పక్కన మాకున్న కాస్త మెట్ట పొలం నా పేరు మీద ఉంది. నేను ఒప్పుకుని సంతకం పెడితే గానీ అర్జీ కదలదు. "పెడతావా, పెట్టవా?" అని వాడు రోజూ అన్నం ముందు కూర్చుని అడిగేవాడు. జవాబు కోసం ఆసుపత్రిలో చూసినవన్నీ మనసులో తిరగేసుకున్నాను. వాటినే రాస్తున్నాను. తుపాకి దెబ్బలు మీ దగ్గరికీ వస్తాయి.

ఆసుపత్రి పేరు రాయను, రోగుల పేర్లూ రాయను. కడప జిల్లాలో ఒక పెద్దాసుపత్రి అనుకోండి.

గుమ్మం దగ్గర పని

రోగి ఆటో దిగీ దిగగానే కనిపించేది డాక్టరు కాదు, మనమే. ఎత్తుకునేదీ మనమే, బట్టలు కోసేదీ మనమే, కింద పడిన నెత్తురు తుడిచేదీ మనమే. ముక్కు మూసుకునేవాళ్ళు ఈ పనికి రావద్దు. ఏడుపు వచ్చేవాళ్ళు రావచ్చు. పని అయ్యాక ఏడవండి.

చొక్కా కత్తిరించేటప్పుడు కుట్టు వెంబడి కత్తిరించండి. మన దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి ఒంటి మీదున్నదే మంచి చొక్కా. బతికితే మళ్ళీ కుట్టించుకుంటాడు. ఒకసారి కొత్తగా చేరిన పిల్ల ఒకతె, "చచ్చిపోతేనో సిస్టర్?" అని అడిగింది. రత్నమేరీ సిస్టర్ తల ఎత్తకుండానే, "వాళ్ళన్న తొడుక్కుంటాడు లే, నువ్వు కత్తిరించు," అంది. దూదిని కూడా ఆమె అట్లే వాడించేది. అరచెయ్యంత చాలినచోట పిడికెడు తీస్తే చేతి మీద కొట్టేది. ఆమె తిట్లు తినని ఆయా మా ఆసుపత్రిలో లేదు. ఆమె దగ్గర నేర్చుకోని ఆయా కూడా లేదు.

తుపాకి దెబ్బ అయితే మాత్రం బట్ట మీద చిల్లి ఉన్నచోట కత్తెర పెట్టకండి. పోలీసులకు ఆ చిల్లి కావాలి. అసలు అది తుపాకి దెబ్బ అని మనకు తెలియడమే కష్టం. ఎందుకంటే వాళ్ళు చెప్పరు.

మందు

మన భాషలో డాక్టరిచ్చేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే, సారా అంగట్లో పోసేదీ మందే, తుపాకిలో కూరేదీ మందే. పుట్టినప్పటి నుంచి అట్లే మాట్లాడతాం కాబట్టి మనకు చిక్కు తెలియదు. క్యాజువాలిటీలో తెలుస్తుంది.

ఒకరోజు పొద్దున వేరుశనగ కాయ ఊరే కాలంలో ఒక ట్రాలీ ఆటో వచ్చింది. అందులో నల్ల గొంగడి చుట్టుకుని ఒక మనిషి మూలుగుతున్నాడు. పక్కన వాళ్ళన్న. అన్న మొఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైందప్పా?" అని అడిగాను.

"మందుక్కా. మందు తగిలింది."

ఆ కాలంలో పురుగుల మందు తాగినవాళ్ళు, కొడుతూ పీల్చినవాళ్ళు రోజూ వచ్చేవాళ్ళు. నేను లోపలికి "మందు కేసు!" అని కేకేశాను. డ్యూటీలో ఉన్నది కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చిన చిన్న డాక్టరు. మంచి పిల్లవాడు. పరుగెత్తి వచ్చాడు.

"ఏ మందు? డబ్బా తెచ్చారా?"

అన్న నేల చూశాడు. "తేలేదు సార్. ఇంటికాడ ఉండాది."

"ఎంత పోయింది లోపలికి?"

"తెల్దు సార్. శానానే పోయింటాది."

కడుపు కడిగే గొట్టం తెచ్చాం. ఒకరం తల పట్టుకున్నాం, ఒకరం చేతులు పట్టుకున్నాం. గొట్టం నోటి దాకా వచ్చేసరికి రోగి పళ్ళు బిగబట్టి తల అటూ ఇటూ తిప్పాడు. చివరికి గొట్టం పక్కకు తోసి, "నోట్లో కాదు సామీ," అన్నాడు. "నడుములో. నేనేమీ తాగలే. మా యన్న కాల్చినాడు."

సిస్టర్ గొంగడి లాగింది. నల్ల ఉన్ని కదా, పైకి తడి కూడా కనిపించలేదు. లోపల నడుమంతా సన్న గుండ్లు దిగి ఉన్నాయి.

అన్న గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "పంది అనుకుంటి సార్. వంగి గట్టు దాటుతాంటే పంది అనుకుంటి. వాడు నాకు సంగటి తెస్తాండె."

చిన్న డాక్టరుకు కోపం వచ్చింది. "మరి మందు అని ఎందుకు చెప్పావయ్యా?"

"తుపాకి అంటే పోలీసులొస్తారు గదా సార్. లైసెన్సు లేదు. అబద్ధమైతే చెప్పలే సార్. మందే గదా."

ఆ మనిషి బతకలేదు. ముందే తెలిసినా బతికేవాడో కాదో డాక్టరు చెప్పలేకపోయాడు. అతని భార్య మా ఊళ్ళోనే పుట్టినిల్లు ఉన్న పిల్ల. వరండాలో నా పక్కన కూర్చుని అన్న మాట ఈ రోజుకూ నా చెవిలో ఉంది. "కావాలని కాల్చింటే శాపనార్థాలన్నా పెట్టుకుందును గదక్కా. మా బావ బిడ్డ మాదిరి సాకినాడు ఆయప్పను. ఇప్పుడు ఎవుర్ని తిట్టేది?"

ఆ మరుసటి రోజు నుంచి రత్నమేరీ సిస్టర్ మాకొక అలవాటు చేసింది. మందు అని ఎవరన్నా నోరు తెరిస్తే, "తాగిన మందా, కొట్టిన మందా, పేలిన మందా?" అని గుమ్మంలోనే అడగాలి. రోగి వెంట వచ్చినవాళ్ళు తిట్టుకున్నా సరే, అడగాలి. మీరు నేర్చుకోవాల్సిన మొదటి మాట ఇది.

తర్వాత టీ దగ్గర ఆ చిన్న డాక్టరు అన్నాడు, అడిగినవాళ్ళందరికీ లైసెన్సు ఇచ్చేస్తే ఈ దాపరికం ఉండదు కదా అని. ఆలోచిస్తే నిజమే. నాటు తుపాకి ఉన్నవాడు ఒకసారి తుపాకికి భయపడతాడు, ఇంకొకసారి పోలీసుకు భయపడతాడు. మధ్యలో రోగి పోతాడు. కాగితం ఉండి ఉంటే ఆ అన్న నోరు తెరిచి ఉండేవాడు. కానీ గొంగడికీ పందికీ తేడా చూపించే కాగితం ఏ ఆఫీసులోనూ ఇవ్వరు.

పెద్దాయన తుపాకి

తుపాకి వద్దని చెప్పడం సులువు. ఉన్నవాళ్ళ మాట కూడా వినాలి. నేను విన్నది కర్నూలు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన దగ్గర. చక్కెర జబ్బుతో కాలికి పుండు పడి వచ్చాడు. వెంట మేనల్లుడు, మేనల్లుడి భుజాన లైసెన్సు తుపాకి.

సిస్టర్ గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టింది. "తుపాకి లోపలికి రాదు."

"అమ్మీ, అది నా మూడో కాలు. దాన్ని బయట పెట్టి నేనెట్ల వచ్చేది?"

"మూడో కాలికి మా దగ్గర మంచం లేదు పెద్దాయనా. ఉన్న రెండు కాళ్ళు కాపాడుకోండి, చాలు."

ఆయన పకపకా నవ్వి, తుపాకిని ఆసుపత్రి దగ్గరుండే పోలీసుకు అప్పగించి వచ్చాడు. చాలా రోజులు ఉన్నాడు. పుండు కడిగేటప్పుడు కాలు పట్టుకునేది నేనే కాబట్టి మాటలు కలిశాయి.

"ఎప్పుడన్నా పేల్చినావా పెద్దాయనా?"

"ఒగసారి గూడా లే."

"మరి మోసేదెందుకు?"

"పేల్చకుండానే పనిచేస్తాది మే అది. నా దగ్గర ఉండాదని ఊరంతా తెలుసు. అదే దాని పని. మా యన్నకు లేకపాయ. బస్టాండు కాడ పట్టపగలే నరికినారు. నేను ఈ పొద్దుకూ ఉండా. చాలదా?"

చాలదని అనడానికి నాకు నోరు రాలేదు. అన్నను అట్లా పోగొట్టుకున్న మనిషికి పోలీసులున్నారు, కోర్టులున్నాయి అని చెప్పడం నా వల్ల కాదు. చంపడానికి వచ్చినవాళ్ళ తర్వాత ఎప్పుడో వస్తారు వాళ్ళు.

కానీ ఇంకొకటి కూడా చూశాను. వచ్చిన రోజే ఆయన మంచం మార్పించుకున్నాడు. వీపుకు గోడ ఉండాలి, ఎదురుగా తలుపు కనపడాలి. ట్రే కింద పడితే పుండు కాలితోనే లేచి నిలబడేవాడు. మనవళ్ళు వస్తే చెయ్యి నిమిరి వెంటనే పంపేసేవాడు, వాళ్ళు తన పక్కన కూర్చుంటే భయమట. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"నువ్వు నిద్రపోయేదెప్పుడు పెద్దాయనా?"

"ఓట్లప్పుడు."

"ఓట్లప్పుడా?"

"ఓట్లొస్తే లైసెన్సు తుపాకులన్నీ టేషన్లో అప్పజెప్పాల గదా. నాదీ ఆడే ఉంటాది, ఎదుటోనిదీ ఆడే ఉంటాది. ఆ రోజుల్లోనే మే నేను మనిషి మాదిరి పండుకునేది."

"అట్లయితే ఓట్లయినాక తెచ్చుకోకుండా ఉండకూడదా?"

"నేను తెచ్చుకోకుంటే వాడూ మానుకుంటాడా? పో, పోయి అడిగిరా." మళ్ళీ నవ్వాడు. "ముందు నీ నోటికి లైసెన్సు తీసుకో మే. అది పేలుతానే ఉండాది."

తుపాకి కావాలనే మాటా వద్దనే మాటా ఒక్క నోటి నుంచే విన్నాను. రెండూ నిజాలే. ఒక్కడే మానుకుంటే చస్తాడు. ఇద్దరూ మానుకుంటే నిద్రపోతారు. ఆ ఇద్దరినీ ఒకే రోజు టేషన్‌కు పంపగలిగేది సర్కారు ఒక్కటే. అది ఓట్ల కాలంలో తప్ప ఆ పని చేయదు.

మా కాంపౌండరు ఒకాయన ఎప్పుడూ ఒక మాట అనేవాడు. దొంగల దగ్గర ఎట్లాగూ తుపాకి ఉంటుంది, మంచివాళ్ళ దగ్గర ఉంటే తప్పేమిటని. నేను గుమ్మంలో ఉన్నన్నాళ్ళు దొంగ కాల్చిన దెబ్బ చూడలేదు. చూడలేదు కాబట్టి జరగదని అనను. నేను చూసినవన్నీ ఇంటి తుపాకులే. పంది అనుకుని కాల్చినది, తుడుస్తుంటే పేలినది, తాగి అన్నదమ్ములు పెనుగులాడితే పేలినది. కాల్చినవాళ్ళలో చెడ్డవాళ్ళు చాలా తక్కువ. అదే నాకు ఎక్కువ బాధ.

తీగ

తుపాకి లేకపోతే రైతు ఊరుకుంటాడా? ఊరుకోడు. చేను చుట్టూ తీగ లాగి కరెంటు పెడతాడు. ఈ సంగతి దాచిపెట్టి తుపాకి వద్దని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి.

తీగ తగిలి వచ్చినవాళ్ళను తుపాకి దెబ్బలకన్నా ఎక్కువ చూశాను. వచ్చారంటే వాళ్ళుగా రాలేదు, ప్రాణం పోయాక ఎవరో మోసుకొచ్చారు. ఒక ముసలాయన సొంత చేను తీగకే తగిలాడు, తెల్లారి కరెంటు తీయడం మరిచి. ఒక ఆడమనిషి పక్క చేనులో గొర్రెను వెతుక్కుంటూ పోయి తగిలింది. అరచేతిలో చిన్న నల్లమచ్చ తప్ప ఒంటి మీద ఏమీ ఉండదు. నిద్రపోతున్నట్టే ఉంటారు. చూసినవాళ్ళు మోసపోయి, "లేస్తాది, లేపండి," అని మన కాళ్ళు పట్టుకుంటారు.

తుపాకి వెనక కనీసం ఒక మనిషి ఉంటాడు. తీగ వెనక ఎవరూ ఉండరు. తుపాకా, తీగా అని నన్ను గట్టిగా నిలదీస్తే నేను తుపాకే నయం అంటాను. మస్తానుతో కూడా ఆ మాట దాచలేదు.

మా ఇంటి మాట

మస్తాను మొండివాడే గానీ మూర్ఖుడు కాదు. పోయిన ఏడు చేనులో సగం పందులే తవ్వుకుని తిన్నాయి. చేను చుట్టూ పాత చీరలు కట్టాడు, కొన్నాళ్ళు భయపడ్డాయి, తర్వాత చీరల కిందుగానే దూరాయి. వాసనకు రావని మంగలి అంగట్లో వెంట్రుకలు తెచ్చి చల్లాడు, టపాకాయలు కాల్చాడు. నిరుటి నుంచి వాడికి రాత్రి అంటే చేనే.

పోయిన వారం అన్నం దగ్గర మళ్ళీ మాట ఎత్తాడు. నేను పైన రాసినవన్నీ చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. విని, నేను అనుకోని మాట ఒకటి అన్నాడు.

"నువ్వు ఆసుపత్రికి వచ్చినోళ్ళనే చూసినావు మా. తుపాకి పెట్టుకోని బాగున్నోళ్ళు ఆడికి రారు గదా. వాళ్ళను నువ్వెట్ల చూస్తావు?"

అంతకాలం పనిచేసి నేను ఆ సంగతి ఆలోచించలేదు. నిజమే. ఊళ్ళలో ఎన్ని లైసెన్సు తుపాకులు గోడకు తగిలించి దుమ్ము పట్టి ఉన్నాయో నాకేం తెలుసు? మన గుమ్మం నుంచి లోకం అంతా కనపడదు. మీరు కూడా అది గుర్తు పెట్టుకోండి. దెబ్బలే చూసి చూసి మనం లోకమంతా దెబ్బలే అనుకుంటాం.

కోడలు నూర్జహాను మధ్యలో వచ్చింది. "అత్తా, నువ్వు సంతకం పెట్టకుంటే ఈయప్ప తీగ లాగుతాడు. తీగ లాగితే నేను చేనికి రాను. ముందే చెప్తాండా."

"రావద్దు లే," అన్నాడు వాడు. "పందులు వస్తాండాయి గదా, వాటితో మాట్లాడుకుంటా."

"వాటితోనే సంసారం చెయ్యి. అన్నం గూడా అవే వండి పెడతాయి."

నేను నవ్వలేదు. వాడి కళ్ళు చూస్తున్నాను. ఎర్రగా, పుండ్ల మాదిరి ఉన్నాయి. కంచంలో చెయ్యి పెట్టి ఒక్క గడియ కునుకు తీశాడు, మెడ వాలితే మళ్ళీ లేచాడు.

"నువ్వు పండుకొని ఎన్నాళ్ళాయ రా?"

"దానికీ దీనికీ సమ్మందమేముండాది?"

"అదే సమ్మందం. ఇంగోటి లేదు."

ఇన్నాళ్ళు నేను తుపాకి మంచిదా చెడ్డదా, పట్టుకునేవాడు మంచివాడా చెడ్డవాడా అనే చూస్తూ వచ్చాను. అందరూ అట్లే వాదిస్తారు, టీ కొట్టు దగ్గరా, టీవీలోనూ. గొంగడిలో తమ్ముణ్ణి తెచ్చిన ఆ అన్న ఎంత మంచివాడో ఊరంతా చెప్పింది. అతను ఎన్నాళ్ళుగా నిద్ర లేకుండా ఉన్నాడో ఎవరూ అడగలేదు. పందుల కోసం కాపలా ఉండే మనిషికి తుపాకి ఇస్తే, ఆ తుపాకి ఎప్పుడూ నిద్రలేని చేతిలోనే ఉంటుంది. లైసెన్సు ఇచ్చే ఆఫీసరు పగటిపూట చూస్తాడు ఆ మనిషిని. ముఖం కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కుని నిలబడినవాణ్ణి.

"నేను సంతకం పెట్టను," అన్నాను.

వాడు కంచం పక్కకు నెట్టాడు. "నా చేతి మీద నమ్మకం లేదు నీకు."

"నీ చేతి మీద ఉండాది రా. నీ కండ్ల మీద లేదు. నిద్ర లేనోనికి నేను కత్తిపీట గూడా ఇయ్యను."

"అయితే కావలి ఎవురు కాయాల? పందులకు నువ్వు పోయి చెప్తావా?"

"చెప్తా. నీ పెండ్లాము ఒగ పూట, నేను ఒగ పూట. నువ్వు నడమ పండుకో. తీగ మాట మళ్ళీ ఎత్తినావంటే పొలం బీడు పెడతా, ఎవురికీ లేకుండా."

నేను అన్నంత పనీ చేస్తానని వాడికి తెలుసు.

కావలి

ఇప్పుడు అట్లే నడుస్తోంది. ఇది గొప్ప ఉపాయమని మీకు చెప్పడం లేదు. నా మోకాళ్ళు పోయాయి. నూర్జహానుకు కుట్టుపని ఆగిపోయింది. కావలికి ముగ్గురు లేని ఇల్లు ఏం చేయాలో నన్ను అడగకండి, నాకు తెలియదు. ఒంటరి రైతు వచ్చి తుపాకి ఇప్పించమంటే, వద్దని అతని ముఖం మీద అనగలనో లేదో కూడా తెలియదు. నేను నా కొడుకు సంగతి మాత్రం తేల్చాను.

నిన్న తెల్లవారుతుండగా కావలి నాది. మస్తాను చేను మూల కొట్టంలో పడుకున్నాడు. వెలుతురు వచ్చీ రానట్టున్నప్పుడు దిగాయి పందులు, తల్లీ పిల్లలూ. నా దగ్గర రేకు డబ్బా ఉంది. దాన్ని గట్టిగా కొడితే పారిపోతాయి. కానీ కొట్టం దగ్గరే ఉంది, కొడితే వాడు లేస్తాడు.

డబ్బా కింద పెట్టాను. మట్టిగడ్డలు ఏరి విసిరాను. చెయ్యి ఊపాను, కొంగు ఊపాను. అవి నన్ను ఒకసారి చూసి మళ్ళీ తవ్వుకున్నాయి. తిన్నంత తిని, ఎండ పడ్డాక వాటంతట అవే పోయాయి.

కొట్టంలోకి పోయి చూశాను. నోరు తెరుచుకుని పడుకున్నాడు. అట్లా నోరు తెరుచుకున్నవాళ్ళను చూస్తే నా చెయ్యి దానంతట అదే వాళ్ళ ముక్కు దగ్గరికి పోతుంది. ఊపిరి వెచ్చగా తగిలింది.

వాడు లేచేసరికి పొద్దు బాగా ఎక్కింది. బయటికి వచ్చి చేను చూశాడు.

"వచ్చిండెనా?"

"వచ్చినాయి."

"లేపకపోతివే మా?"

"నిద్రపోతాంటివి."

పోయి తవ్విన సాళ్ళు చూసి వచ్చాడు. తిడతాడనుకున్నాను. కుండలో నీళ్ళతో ముఖం కడుక్కున్నాడు. కళ్ళలో ఎరుపు కాస్త తగ్గింది.

"ఇట్ల ఎన్నాళ్ళు కాస్తావు?"

"మోకాళ్ళు ఒప్పుకున్నన్నాళ్ళు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత పొలం నీది. సంతకమూ నీదే."

వాడు డబ్బా తీసి కొట్టం చూరుకు తగిలించాడు. తడి చేత్తో నా చెయ్యి పట్టుకుని గట్టు దాటించాడు.

రాయడం ఆపాలి. పొద్దు వాలుతోంది, మళ్ళీ కావలి నాదే.